మగ్గం మింద మోపిన నేరం

జూలై 8, మంగళవారం

మోహనా, నేను చెప్పినట్టే రాయి. నున్నగా చెయ్యద్దు. నాకు అక్షరం రాదు, నోరు వచ్చు. నువ్వు చిత్తూరు నుంచి పక్కింటికి కోడలుగా వచ్చినావు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఈ అరవదేశంలో, గుడియాత్తం వీధిలో తెలుగు రాసేవాళ్ళు యాడుండారు?

మా కొడుకు ఉదయకుమార్ కంప్యూటర్ మళ్ళా ఆగిపోయింది. లుంగీ డిజైన్లు గీసి వేలూరు కంపెనీకి పంపుతాడు. ఫైల్ పెద్దదంట, రాత్రంతా ఆన్‌లో ఉంటేనే తయారవుతాదంట. తెల్లారి చూస్తే నల్లగా ఉండాది. ఏం నొక్కినావమ్మా అని నా మిందికి వచ్చినాడు. పొద్దుగూకినాక మగ్గానికి దుప్పటి కప్పుతాను. పక్కనే ఉండాది గదా అని ఆ కంప్యూటర్‌కీ ఒకటి కప్పుతాను. వీళ్ళు లేవకముందే రెండూ తీసేస్తాను. అంతే. వేలు పెట్టలేదు.

జూలై 9, బుధవారం

రిపేరు సామ్యుల్ వచ్చి పెట్టె విప్పినాడు. ఫ్యాన్ నిండా నూలు దుమ్ము. మగ్గం, కంప్యూటర్ ఒకే గదిలో ఉండకూడదని తీర్పు చెప్పి, క్లీన్ చేసి పోయినాడు. మావోడు వెంటనే ఫోన్ తీసినాడు. శుక్రవారం పళ్ళికొండ ఆరుముగం బండి తెస్తాడంట, మగ్గం విప్పి ఎత్తుకొని పోతాడంట. కట్టెలకి!

అరిచినాను. పెండ్లయిన మర్నాడే ఆ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టినానురా, నువ్వు కడుపులో ఉండి దాని చప్పుడుకే తన్నేవాడివి అని. వాడు తల గోక్కున్నాడు. బండి వద్దని ఫోన్ మాత్రం మళ్ళా చెయ్యలేదు.

సరే, పందెం అన్నాను. ఈ దినం నాడె ముట్టను, ఒక్క పోగు నేయను. క్లీన్ చేసిన పెట్టె, కొత్త దుమ్ము లేదు. అయినా ఆగిపోతే అప్పుడేమంటావు?

జూలై 9, సాయంత్రం

నేయలేదు. చేతులు ఊరుకోలేదు, రెండు దుప్పట్లూ కప్పేసినాను.

జూలై 10, గురువారం

ఆగిపోయింది! నేను గెలిచినాను!

కోడలు కాంచన నాకంటే ముందు లేసింది. దుప్పటి లాగి, అయ్యో అత్తా, ఇస్త్రీ పెట్టె మాదిరి కాలతాండాది, దీనికి దుప్పటి ఎవరు కప్పినారు అని కేక పెట్టింది. ఫోన్లో సామ్యుల్ ఒకటే నవ్వు. దానికి గాలి ఆడల్ల గదా అవ్వా, ఉక్కపోసి ఆగిపోతాండాది అన్నాడు.

నేనే కప్పినాను అని మావోడితో అన్నాను. దినామూ కప్పినాను. పడుగు మింద మంచు పడితే, బల్లి పాకితే ఏమవుతాదో నీకు తెలుసునా? పనిచేసే సామానుని బోడిగా వదిలి నిద్రపోయే ఇల్లు ఈ వీధిలో ఒకటి చూపించు. దానికి ఊపిరి కావల్లని నాకు ఎవురన్నా చెప్పినారా?

నేను సిగ్గుపడతానని చూసినారు. నేను చప్పట్లు కొట్టినాను. నేరం నాది, మగ్గానిది కాదు. మోహనా, ఇది పెద్దక్షరాలతో రాయి.

దుమ్ము దుమ్మే గదమ్మా, ఆరుముగానికి చెప్పేసినాను అని గొణిగినాడు మావోడు.

జూలై 11, శుక్రవారం

కంప్యూటర్ రాత్రంతా బోడిగా నడిచి, ఇంకా నడస్తానే ఉండాది. ఆరుముగం బండితో వచ్చినాడు. నేను గుంతలో కాళ్ళు పెట్టి నేస్తాండాను. ఏది ఎత్తల్లమ్మా అన్నాడు. ముందు నన్నెత్తు అన్నాను. వాడు మావోడి మొగం చూసినాడు, మావోడు గోడ చూసినాడు. కాంచన టీ ఇచ్చింది. తాగి, ఖాళీ బండి తోలుకొని పోయినాడు.