మా అమ్మాయి ఊపిరికి అమర్చిన మూడు రీడ్ల విషయమై

మిల్లు గేటు ఎదురుగా టైర్ల కొట్టు నడిపి, ప్రస్తుతం ఆ కొట్టు వెనక రెండు గదుల్లో ఉంటున్న నేను, నా ఇష్టప్రకారం, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెడితే రాసే మనిషిని కానని ఎరిగినవాళ్ళకు తెలుసు. నా బుద్ధి స్థిరంగా ఉంది. ఒంట్లో ఊపిరి తప్ప మిగతావన్నీ చెప్పిన మాట వింటున్నాయి. మత్తు పదార్థం ఏదీ పుచ్చుకోలేదు. రాత ఎక్కడైనా తూలినట్టు కనిపిస్తే దానికి కారణం సంతోషం. మొన్న ఆదివారం నుంచి నాకు పట్టరాని సంతోషంగా ఉంది. దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్ళి ఈ సంగతి కూడా చేర్చమంటే, "తాతగారూ, వీలునామాలో ఆస్తులు రాస్తాం, అప్పులు రాస్తాం, సంతోషాలు రాయం" అన్నాడు. అందుకని కాగితాలు తెచ్చుకుని నేనే రాసుకుంటున్నాను. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకోండి, అర్థం మాత్రం మార్చకండి.

1. ఇంతకు మునుపు నేను రాసిన వీలునామా నేటితో చెల్లదు. అందులో నా బ్యాగ్‌పైపు నా తదనంతరం నేను వాయించే మిల్లు బ్యాండు గదిలో గోడకు చేరాలని రాశాను. మా బ్యాండులో అదే ఆనవాయితీ. వాయించేవాడు పోతే వాద్యం మేకుకు వేలాడుతుంది. ఇప్పటికే అక్కడ వేలాడుతున్నవి, బడి వదిలాక పిల్లలు మరిచిపోయిన సంచుల్లా ఉంటాయి. అది రాసిన రోజున నాకు వేరే దారి లేదు. ఇప్పుడుంది.

2. టైర్ల కొట్టు, అందులోని సామాను, గాలి కొట్టే కంప్రెసరు, పంక్చర్ చూసే నీళ్ళ తొట్టి సహా, మా పెద్దాడికి. వాడు ఇప్పటికే అదంతా తనదే అన్నట్టు నడుపుతున్నాడు కాబట్టి పెద్ద తేడా తెలియదు. ఒక్క షరతు. కంప్రెసరు గొట్టం ఆ బ్యాగ్‌పైపు దరిదాపులకు పోకూడదు. కారణం వాడికి తెలుసు. తెలియనివాళ్ళు మా ముందు గది పైకప్పులో సొట్ట చూడండి. చెల్లెలు ఊదకూడదు కదా, యంత్రంతో ఊదిద్దామని వాడు ఒకనాడు సంచికి కంప్రెసరు తగిలించాడు. పెద్ద గొట్టం పై ముక్క లేచి కప్పుకు తగిలింది. సంచి కుట్లు విడిపోయాయి. ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కానీ చెల్లెలి కోసం అంత పని చేసే అన్న ఎంతమందికి దొరుకుతాడు. అందుకే కొట్టు మొత్తం వాడికే, వాటాలు లేకుండా. అమ్మాయికి ముందే చెప్పాను. "నాకెందుకు నాన్నా టైర్లు, నాకు అద్దాలున్నాయిగా" అంది. అది కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు బిగిస్తుంది.

3. ఇక అసలు ఆస్తి. నా బ్యాగ్‌పైపును, దాని పెట్టెతో సహా, మా అమ్మాయికి సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆస్తికి హద్దులు రాయాలంటారు కాబట్టి రాస్తున్నాను. మధ్యన, సంకలో పెట్టుకునే తోలు సంచి. ముందు, నోటితో ఊదే గొట్టం. కింద, వేళ్ళతో పలికించే పాట గొట్టం. పైన, భుజం మీదుగా మూడు శ్రుతి గొట్టాలు, రెండు చిన్నవి, ఒకటి పెద్దది. పాట గొట్టం పాట చెప్తుంది. శ్రుతి గొట్టాలు మూడూ ఒకే స్వరాన్ని పట్టుకుని పాట అయ్యేదాకా వదలవు. ఒక్కో గొట్టం లోపల, పైకి కనబడకుండా, వేలంత రీడు ఉంటుంది. పలికేది అదే.

అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు వినబడేవి. ఊదే వాద్యం జోలికి రానివ్వొద్దని డాక్టరు చెప్పారు. నేను సాధన చేస్తుంటే అది ఎదురుగా పీట వేసుకుని, ఒక గొడుగు కర్ర పట్టుకుని, నా వేళ్ళు ఎలా పోతే తన వేళ్ళు అలా పోనిచ్చేది. ఒక రోజు నేను తప్పు వాయించాను. దాని వేళ్ళు తప్పు పోలేదు.

అప్పటి నుంచి మాది ఒక పద్ధతి. సంచి నా సంకలో, ఊదేది నేను. పాట గొట్టాన్ని దాని వైపు తిప్పి పెడితే వేళ్ళు దానివి. ఉద్యోగంలో చేరాక కూడా ఆదివారం తప్పేది కాదు. మా బ్యాండు పెద్ద నా బావమరిదే, అంటే దానికి మేనమామ. అతను ఇది చూసి, "ఒక పైపుకి ఇద్దరేంటి బావా, నాగలికి ఎడ్ల జతలాగా" అన్నాడు. దానికి అమ్మాయి, "నాన్న ఊపిరి, నా వేళ్ళు మావయ్యా. నువ్వు రెండూ పెట్టుకుని ఏం వాయిస్తున్నావని" అంది. ఆ తర్వాత బ్యాండు నుంచి మాకు పిలుపులు తగ్గాయి.

ఈ ఏడాది డాక్టరు నన్నూ ఊదడం తగ్గించమన్నారు. మానేయమన్నారు అని రాయడమే నిజం. నేను పోతే పోతాను, దాని వేళ్ళకు ఊపిరి ఎవరు పోస్తారన్నదే నా బెంగ. ఆ బెంగతోనే వాద్యాన్ని గోడకు రాసేశాను. దానికి చెప్పలేదు. మేడ మీద ఉండే రిటైరయిన పోస్టుమాస్టరు గారు చెప్పారు. అది వచ్చి, వీలునామా ఊసే ఎత్తకుండా, "నాన్నా, రీడ్లు మార్చి చూద్దామా" అంది.

4. రీడ్ల సంగతి కాగితం మీద ఎందుకంటే, రేపు ఎవరో ఒకరు ఇవి తీసి పాతవి పెట్టమంటారు. పెట్టకండి. నేను బుద్ధెరిగిన నాటి నుంచీ రెల్లు రీడ్ల మనిషిని. ప్లాస్టిక్ రీడంటే నాకు కాగితం పువ్వుతో సమానం. అమ్మాయి అంది, "రెల్లు రీడు తడిస్తే మాట మారుస్తుంది నాన్నా. నా ఊపిరికి సరిపోయేలా పెట్టుకుంటే పాట సగంలో ఇంకోలా అయిపోతుంది. ప్లాస్టిక్‌ది పెట్టిన చోట ఉంటుంది." సరే అన్నాను. అమ్మాయి తన డాక్టరును కూడా అడిగింది. తేలిగ్గా అయితే ఊదుకోవచ్చన్నారు. తేలిగ్గా అంటే ఎంత అంటే, మాట్లాడుతూ మెట్లెక్కగలిగినంత అన్నారట.

వాద్యాల కొట్టులో మూడు రకాల సెట్లు చూపించారు. రీడు స్వభావం తెలియాలంటే నోట్లో పెట్టుకుని ఊదాల్సిందే. అన్నీ ఊదాను. కొట్టు ఆయన, "పెద్దాయనా, ఎంగిలి చేసినవి నేనెవరికి అమ్మను" అన్నాడు. అన్నీ కొన్నాం. నల్లగా నిగనిగలాడే సెట్టుకు గొంతు పెద్దది, గాలి కూడా తెగ తాగుతుంది. అద్దంలా లోపల కనబడే సెట్టు గరగరమంది. మూడోది చూడ్డానికి పాత పళ్ళబ్రష్షు కాడలా ఉంది. కొద్దిపాటి గాలికే లేస్తుంది, అరవదు, పక్కదాన్ని మింగదు. దాన్నే ఖాయం చేశాం. ఇంటికి తెచ్చి నేను అలవాటు కొద్దీ నీళ్ళలో వేశాను. రెల్లు రీడ్లను తడిపే వాయించేవాణ్ణి. అమ్మాయి చూసి, "దువ్వెనను నానబెడతావా నాన్నా" అంది.

5. అమర్చిన తీరు. రీడు మొదట్లో మైనం పూసిన దారం బిగువుగా చుట్టాలి. వదులైతే రీడు ఊడి సంచిలో పడుతుంది. మిల్లు మేనేజరు గారి పదవీ విరమణ సభలో నాకు అలాగే పడింది. ఆయన ప్రసంగం అయ్యేదాకా, నేను కదిలినప్పుడల్లా సంకలో గిలక్కాయ మోగింది.

రీడు మీద పల్చటి నాలుక ఉంటుంది. దాని మీద రబ్బరు కట్టు. కట్టును నాలుక కొస వైపు జరిపితే తక్కువ గాలికి పలుకుతుంది, గొంతు చిన్నదవుతుంది. మొదలు వైపు జరిపితే గొంతు పెరుగుతుంది, గాలి ఎక్కువ అడుగుతుంది. రెండు గొట్టాలకు బిరడాలు పెట్టి ఒక్కొక్కటే చూసుకోవాలి. నేను జన్మలో నా ఊపిరికి తప్ప ఇంకొకరి ఊపిరికి రీడు అమర్చి ఎరగను. ఈసారి ఊదేది అది, జరిపేది నేను. అది ఊదేది, ఆగేది, పీల్చే మందు పీల్చేది, "ఇంకొంచెం నాన్నా" అనేది. నేను గోరంత జరిపేవాణ్ణి. ఎక్కువైతే గోరులో సగం వెనక్కి. కొసకు జరిపినకొద్దీ స్వరం పైకి పోతుంది. దాన్ని దించడానికి రీడు చివర చిన్న మర ఉంటుంది, బయటికి తిప్పాలి. అమ్మాయి తన కళ్ళజోళ్ళ స్క్రూడ్రైవరు తీసి మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా తిప్పింది.

మొన్న ఆదివారం పాట గొట్టంలో కూడా మెత్తటి రీడు పెట్టి, బిరడాలన్నీ తీసి, సంచిని దాని సంకలోకి మార్చాను. మొదట ఒకటి లేచింది. తర్వాత రెండోది. పెద్దది కాస్త దగ్గి అందుకుంది. మూడూ కలిసిన క్షణాన శబ్దం పెరగదు, తగ్గినట్టుంటుంది. గొట్టాలు కాక గోడలు పలుకుతున్నట్టుంటుంది. అది పాట మొదటి నుంచి చివరిదాకా వాయించింది. నేను ఏమీ చేయలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

శ్రుతి తప్పితే పోస్టుమాస్టరు గారు పైనుంచి నేల మీద కర్రతో కొడతారు. ఆ రోజు కొట్టలేదు. కిందికి దిగి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఊదింది నువ్వు కాదే" అన్నారు. కాదండి అన్నాను. జీవితంలో అంత గర్వంగా నేను దేన్నీ కాదనలేదు.

తర్వాత ఊరుకోలేక నేనూ ఊదాను. మూడూ ఠక్కున ఆగిపోయాయి. తేలిక ఊపిరికి అమర్చిన రీడు మోటు ఊపిరి తగిలితే నాలుక అతుక్కుని నోరు మూసుకుంటుంది. నా ఊపిరి పొట్టిదయింది గానీ మోటుతనం పోలేదు. నా వాద్యమే నన్ను పొమ్మంది. అమ్మాయి ముఖం చిన్నబోయి, "నీకు సరిపోయేలా మళ్ళీ మారుస్తానుండు" అని స్క్రూడ్రైవరు తీసింది. లాక్కుని నా జేబులో వేసుకున్నాను. అది ఇంకా నా దగ్గరే ఉంది. ఈ వీలునామా ద్వారా అమ్మాయికి తిరిగి ఇస్తున్నాను.

6. కబురు తెలిసి బావమరిది వచ్చాడు. "ఆనవాయితీ ఉంది కదా బావా, నీ తర్వాత అది బ్యాండుది. అయినా ప్లాస్టిక్ పెట్టి ఊదేది పైపు కాదు, బొమ్మ" అన్నాడు. సరే, ఆ బొమ్మనే ఊదు అన్నాను. మెడ నరాలు పొంగేలా ఊదాడు. శ్రుతులు మూడూ మూసుకున్నాయి. పాట గొట్టం ఒక్కటే కీచుమంది. "చెడిపోయింది" అన్నాడు. అమ్మాయి తీసుకుని ఊదింది. చెడిపోలేదు.

కాబట్టి నా తదనంతరం ఈ వాద్యం మాదంటూ ఎవరు వచ్చినా, వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఊదమనాలి. అంతకు మించి వ్యాజ్యం అక్కర్లేదు.

మిగిలిన రెండు సెట్లు, నా ఎంగిలివి, బావమరిదికి. నల్లది అతని ఛాతీకి సరిపోతుంది. అతను వాటిని ఎవరూ చూడకుండా వేసి చూస్తాడని నాకు తెలుసు. మనిషి మంచివాడు. మా ఆవిడ పోయిన రోజున, అక్క కోసం, చివరిదాకా వాయించింది అతనొక్కడే. నాకు ఆ రోజు ఊపిరి ఆడలేదు. అందుకు నేను ఎన్నడూ మంచి మాట చెప్పలేదు. ఇది చెప్పినట్టు.

7. సంచి లోపల తోమే పొడుగు బ్రష్షు కూడా అమ్మాయికే. వాయించిన ప్రతిసారీ సంచి ఆరబెట్టాలి. లోపల బూజు పడితే ఆ ఛాతీకి మంచిది కాదు. బద్ధకించిందని తెలిస్తే పెద్దాడు వెళ్ళి ఆరబెట్టి రావాలి. ఈ పని మాత్రం వాడు కంప్రెసరుతో చేయవచ్చు, దూరం నుంచి.

8. పెద్ద గొట్టంలోంచి తీసిన పాత రెల్లు రీడు ఎవరికీ ఇవ్వను. దాని నాలుక ఊరికే అతుక్కుపోతుంటే కింద వెంట్రుక ఒకటి దూర్చాను. మా వాయించేవాళ్ళలో అది మామూలే. ఆ వెంట్రుక మా ఆవిడది. "మీ బ్యాండంతా నా జుట్టు మీద బతుకుతోంది" అనేది. ఆమె తల నెరిసింది గానీ ఆ వెంట్రుక ఇంకా నల్లగానే ఉంది. రీడును నా చొక్కా జేబులో పెట్టి నాతో పంపండి.

9. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత పోస్టుమాస్టరు గారిది. శ్రుతి కలిసిందో లేదో ఆయనంత కచ్చితంగా చెప్పే మనిషి ఈ వీధిలో లేడు. ఆయనకు నా వాలు కుర్చీ ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం చేసేవాళ్ళకు ఆస్తి రాయకూడదట. కాబట్టి ఏమీ ఇవ్వడం లేదు. ఇవ్వాలని ఉందని మాత్రం నమోదు చేస్తున్నాను. "ఫర్వాలేదు, నిశ్శబ్దం ఇస్తున్నావుగా" అన్నారు. అది కూడా ఇవ్వడం లేదని, అమ్మాయి ప్రతి ఆదివారం ఇక్కడికే వచ్చి వాయిస్తుందని చెప్పాను. ఆలోచించి సంతకం చేస్తానన్నారు.

10. అమ్మాయ్, ఇది నీకు. మూడు రీడ్ల మీదా కట్టు ఉన్న చోట నీ గోళ్ళరంగుతో సన్నటి గీత పెట్టాను. ఆ కట్టును ఇంకెవరూ కదపకూడదు. నువ్వు మాత్రం కదపాలి. నాన్న పెట్టిన చోటు కదా అని పట్టుకు కూర్చోకు. ఆ గీత మొన్న ఆదివారం నాటి నీ ఊపిరి, అంతే. వాయించగా వాయించగా పెరుగుతుంది. పెరిగిన రోజున మొదలు వైపు గోరంత జరుపు. మళ్ళీ పెరిగితే మళ్ళీ. నాకు చెప్పనక్కర్లేదు. ఒంట్లో బాగోని రోజున కొసకు జరుపుకో, అందులో నామోషీ లేదు.

స్థిరాస్తి, చరాస్తి అన్నీ అయ్యాయి. మిగిలింది నా ఊపిరి. దాన్ని నీ పేర రాయడం కుదరదని దస్తావేజుల ఆయన చెప్పినప్పుడే నాకు మొదటి వీలునామా చేదైంది. ఇప్పుడు నీకు దానితో పనిలేదు. అందుకని దాన్ని ఎవరికీ రాయడం లేదు. ఉన్నన్నాళ్ళు వాలు కుర్చీలో కూర్చుని వినడానికి నేనే వాడుకుంటాను.

పైన రాసినదంతా నేను రాసిందే. ఒకసారి పైకి చదువుకుని, ఎక్కడా కొట్టివేయకుండా సంతకం చేస్తున్నాను.

తేదీ: ఏప్రిల్ 15, గురువారం, కొట్టు తెరవకముందు

(సంతకం)
టైర్ల కొట్టు పెద్దాయన

సాక్షులు:
1. మేడ మీది పోస్టుమాస్టరు. ఆలోచించి చేసిన సంతకం.
2. వాద్యాల కొట్టు యజమాని. రీడ్లు ఎంగిలి అయిన మాట కూడా వాస్తవమని ధ్రువీకరిస్తున్నాను.