నరికిన జాజితీగ

అంబికమ్మా, తెల్లారుతూనే మోడం పట్టింది. వానొస్తే పందిరి గుంజకు కట్టిన తేనెపిట్ట గూటి మీద గోనెసంచి కప్పు. లోపల రెండు పిల్లలున్నాయి. పిల్లిని బయటికి వదలొద్దు.

నువ్వు పుట్టింటికి పోయినప్పుడు నీ జాజితీగను నేనే నరికినాను. గూడు దాంతోపాటే కింద పడితే ఎత్తి గుంజకు కట్టినాను. పూలకు మూగేవి మన పట్టుపురుగులను చెరిపే ఊజి ఈగలనుకున్నాను. "అవి తేనెటీగలు మామా" అని నువ్వు ముందే చెప్తే, "నిన్న మొన్న వచ్చినదానివి, నాకే నేర్పిస్తాండావా" అన్నాను. ఈగలు వచ్చేది పురుగులింటి కిటికీ వల చిరుగులోంచి. అది కుట్టకుండా వదిలింది నేనే.

తల్లిపిట్ట నోట్లో పురుగు పెట్టుకొని తీగ ఉన్నచోట గాలిలోనే తిరుగుతోంది. నేను నిలబడితే గూటికి దిగడం లేదు. అందుకే తోటకు పోతున్నాను.

- మామ

రాత్రికి నాకు వేరుగా పెట్టొద్దమ్మా. అందరం కలిసే ముద్ద తిందాం.