దసరా రంగు కింద

బేస్తవారం

మా మున్సిపాలిటోళ్లు నేను నడిపే పాత చెత్త లారీని తీసేసి కొత్తది తెస్తమంటే, "గుండ్రాయి లెక్కుంది సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అని వారం సంది ఇంజనీర్ సారుతోని నేనే కొట్లాడిన. ఇయ్యాల మధ్యాహ్నం పాలమూరు నుంచి మెకానిక్ వచ్చిండు. బండి కిందికి దూరి, బరువంత మోసే ఎనక చాసిస్ మీద సుత్తెతోని ఒక్కటేసిండు. రంగు పెచ్చులు పెచ్చులు ఊడింది. దాని కింద ఇనుము లేదు. నా అరచెయ్యి దూరేంత పగులు, చుట్టూ తుప్పు.

"డ్రైవరన్నా, గీ రంగు ఎవలేసిండ్రు?" అన్నడు.

ఏసింది నేనే. ప్రతి దసరాకు బండిని కడిగి, రంగేసి, నిమ్మకాయలు కట్టి మొక్కిన. తుప్పు కనవడ్డ కాడ ఇంకో పూత ఎక్కువ పూసి, కొత్త బండి లెక్కుందని మురిసిన.

చెత్త ఎత్తే మా ఎల్లమ్మక్క రోజూ కూసునేది సరిగ్గ ఆ పగులు మీదనే. ఇయ్యాల పొద్దుగాల గూడ గాడనే కూసున్నది. గుంతల రోడ్డు మీద, "జర ఉరికియ్యి తమ్మీ, ఇంటికాడ పనుంది" అన్నది.

నేను ఉరికిచ్చిన.