తలుపు కింది కాగితం

పరవాడ,
శనివారం.

ప్రియమైన జ్యోతికి,

నీ బావ రాస్తున్నాను. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని కళ్లు పెద్దవి చేస్తావని తెలుసు. ఏం చేయను? నిన్ను ఆ గదిలో పెట్టిన మర్నాడే మా ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పని పడింది. మందుల లైన్లన్నీ ఆపి ఫిల్టర్లు మారుస్తున్నాం. లోపలికి ఫోన్లు రానివ్వరు. పని అయ్యేదాకా ఇక్కడే మకాం. పైగా నోరంతా పుళ్లు పడి నీకు మాట్లాడటం కష్టమవుతోందని నీ తమ్ముడు వంశీ చెప్పాడు.

నేను ఐటీఐలో ఉన్నప్పుడు నువ్వు ఎన్ని ఉత్తరాలు రాసేదానివి! అత్తకి తెలియకుండా పోస్టు చేయడానికి నీ తమ్ముడికి జీళ్లు లంచం పెట్టేదానివి. ఇప్పుడూ వాడే పోస్టుమాన్. వాడు తెచ్చిన కాగితాన్ని మీ వార్డు ఆయా నూకాలు అక్క నీ గది అద్దానికి బయటినుంచి అంటిస్తుంది, లోపల నిలబడి చదువుకో. నువ్వు రాసింది అద్దానికి ఆనించి పట్టుకుంటే వాడు ఫోటో తీసి నాకు పంపిస్తాడు.

ఆసుపత్రిలో చేర్పించిన రోజు నీ మొహం చూడకుండా తలుపునే చూస్తూ నిలబడ్డానని అలిగావు. వంటవాడు ఎవరింటికి వెళ్లినా ముందు పొయ్యి చూస్తాడు. గదుల్లో గాలి ఎటు పోవాలో చూసేవాణ్ణి, నేను తలుపు చూడనా? నీ గదిలోకి పైనుంచి వడగట్టిన గాలి వస్తుంది. పోయే గాలి కంటే వచ్చేది ఎక్కువ కాబట్టి, తలుపు సందుల్లోంచి అది ఎప్పుడూ బయటికే తోసుకుపోతుంది. వరండాలో దుమ్మూ బూజూ, ఎవరి జలుబో దగ్గో, ఏవీ నీ దాకా రాలేవు. దీన్ని పాజిటివ్ ప్రెషర్ అంటాం. నీ ఒంట్లో ఉన్న చెడ్డ రక్తాన్నంతా చంపేసి కదా వంశీ ఎముకల మూలుగ ఎక్కించారు. అది పట్టుకుని కొత్త కణాలు పుట్టేదాకా నీకు కాపలా ఆ గాలే.

తలుపు అడుగున టిష్యూ కాగితం ముక్క ఒకటి అంటించమని నూకాలు అక్కకి చెప్పి వచ్చాను. మీటర్లు ఒక్కోసారి అబద్ధం చెబుతాయి, కాగితం చెప్పదు. దాని కొస బయటికి వాలి ఉన్నంతకాలం నువ్వు భద్రం. తినమన్నది తిను. నర్సుల మీద ఎగరకు.

నీ బావ,
తిరుమలరావు


గాజుగది,
మంగళవారం.

ప్రియమైన షట్‌డౌన్ బావకి,

నీ కాగితం బయటికే వాలి ఉంది. రోజంతా నాకు వేరే పనేముంది, దాన్నే చూస్తున్నాను. "ఏటమ్మా, అందులో సినిమా ఏటైనా ఆడతందేటి, అలగ సూత్తన్నావు?" అంటుంది నూకాలు అక్క. ఈ వార్డులో ఆయా ఆవిడే, కలెక్టరూ ఆవిడే. నేను ముద్ద మింగేదాకా అవతలికి కదలదు.

జుట్టంతా పోయింది. సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చినట్టున్నాను. వంశీ అద్దం అవతల నుంచి ఇంటర్‌కమ్‌లో, "ఇకనుంచి నీ ఒంట్లో నా రగతమే కదేటి, నా మాట ఇనాల నువ్వు" అని పెద్దరికం పోతున్నాడు.

ఎదురు గదిలో హరిచందన అని ఇంటర్ చదివే పిల్ల ఉంది. తనదీ నా జబ్బే. నాకంటే ముందొచ్చింది, కొత్త కణాలు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాయట. సాయంత్రం ఇద్దరం అద్దాల దగ్గర నిలబడి అంత్యాక్షరి ఆడుకుంటాం. వరండాకి అటూ ఇటూ మాట వినపడదు కదా, పెదాలు చూసి పాట పోల్చుకోవాలి. ఆ పిల్ల తొండి చేస్తుంది, లేని పాటలు పాడుతుంది.

ఇక్కడ నాకు అన్నిటికంటే కష్టం ఏమిటో తెలుసా? వాసన లేదు. అన్నానికి లేదు, దుప్పటికి లేదు, నాకే లేదు. మన వన్‌టౌన్ మేడ మీద ఎంత తిట్టుకునేదాన్ని! కింద కొట్లో బెల్లం, వీధి చివర ఎండుచేపలు, గాలి తిరిగితే హార్బరు కంపు. అవన్నీ ఇప్పుడు కావాలనిపిస్తోంది.

ఒక్క మాట అడుగుతాను. నా ఉత్తరం ఫోటో నీ ఫోనుకే కదా వస్తోంది? ఆ ఫోనుతో రెండు నిమిషాలు మాట్లాడితే ఏం పోయింది? నా నోరు పుండైతే నీ నోటికేమైంది? నువ్వు మాట్లాడు, నేను వింటాను. నీ దగ్గు తగ్గిందా? కిటికీ మీద హార్బరు బొగ్గు మసి చూపించి, మన వీధిలో దగ్గని వాడెవడే అనేవాడివి. డాక్టరుకి చూపించుకోమని అడిగితే ముందు నీ సంగతి కానీ అన్నావు. నా సంగతి అవుతోంది కదా, ఇప్పుడు చూపించుకో.

ఇంకో ప్రశ్న. గాలి లోపలికే పోయే గదులు కూడా ఉంటాయా?

నీ
జ్యోతి


పరవాడ,
శుక్రవారం.

ప్రియమైన గుండు జ్యోతికి,

ఇక్కడ సిగ్నలు సరిగా ఉండదు. దగ్గు తగ్గింది. ఆ రెండు ప్రశ్నలకీ జవాబులు అయిపోయాయి కాబట్టి మూడోదానికి వస్తాను.

ఉంటాయి. మా దగ్గర కేన్సరు మందుల పొడి కలిపే గది అలాంటిదే. ఆ పొడి రోగికి మందు, రోజూ పీల్చేవాడికి విషం. అందుకని అక్కడ లోపలి గాలిని ఎక్కువ లాగేస్తాం. వరండా గాలి తలుపు సందుల్లోంచి లోపలికి పోతుంది కానీ లోపలి పొడి బయటికి రాదు. అది నెగటివ్ ప్రెషర్. నీ గదేమో లోపలున్నవాళ్లని కాపాడుతుంది. ఆ గదేమో బయటున్నవాళ్లని కాపాడుతుంది. అంతే తేడా.

కొత్త గది కట్టినప్పుడల్లా మా మేనేజరు గంగాధరరావు గారు అందరినీ నిలబెట్టి ఒకటే అడుగుతారు. "ముందు ఒక్క ముక్క సెప్పండ్రా. ఎవుల్ని కాపాడాల? మందునా, మనిసినా? అది తేలీదాకా ఫ్యాను ముట్టుకోకండి." మందూ పాడవకూడదు, మనిషీ పాడవకూడదు అంటే మధ్యలో రెండు తలుపులతో ఇంకో చిన్న గది కట్టాలి. గాలులు రెండూ అక్కడ ఆగిపోతాయి. అది కట్టని చోట ఏదో ఒకదాన్ని వదులుకోవాల్సిందే. మీ ఆసుపత్రి గదులకి ఆ మధ్య గది లేదు. ఉన్న గదిని మాత్రం ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, స్విచ్చి నేను ఆ రోజే చూశాను. నీకు దానితో పనిలేదులే.

ఇక్కడ కిటికీలన్నీ తెరిచే ఉంచుతారు. మధ్యాహ్నం వేడిగాలి కొడుతుంది. పక్క మంచం ఆయన శ్రీకాకుళం మనిషి, కబుర్లపోగు. నాకు బాగానే కాలక్షేపం అవుతోంది.

నీ బావ,
తిరుమలరావు


గాజుగది,
గురువారం.

బావా,

ప్రియమైన అని రాయడానికి ఈ రోజు మనసు రావడం లేదు. ఏమీ అనుకోకు.

నిన్న గంగాధరరావు గారు నన్ను చూడటానికి వచ్చారు. షట్‌డౌన్‌లో మేనేజరు ఊళ్లో ఎలా తిరుగుతున్నాడా అని నేను ఆలోచిస్తుండగానే ఇంటర్‌కమ్ తీసుకుని, "మీ ఇద్దరికీ రోగాలు ఒక్కపాలే రావాలేటమ్మా" అని కళ్లు తుడుచుకున్నారు. నాకు తెలియదని ఆయనకి తెలియదు. నా మొహం చూశాక అర్థమైనట్టుంది, ఫోను పెట్టేసి వెళ్లిపోయారు.

వంశీ మూడు రోజులుగా అద్దానికి దూరంగా, మూతికి పెద్ద మాస్కు కట్టుకుని నిలబడుతున్నాడు. ఎందుకురా అంటే తనకి ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదు, ఊరికే అంటున్నాడు. నర్సులు కూడా మాస్కులు మార్చారు. నాకు సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తోంది. సోమవారం నుంచి పొడిదగ్గు. నా దగ్గు నాకే కొత్తగా లేదు బావా. రెండు నెలలు నా పక్కలో విన్న దగ్గే.

ఫోను ఎందుకు చేయవో ఇప్పుడు తెలిసింది. రెండు మాటలు మాట్లాడితే మూడోది దగ్గే వస్తుంది, అది నేను వింటానని. నిజం చెప్పు. నాకు అద్దం అవతల చాలామంది ఉన్నారు. నిజం చెప్పేవాడు ఒక్కడు కావాలి.

జ్యోతి


ఛాతీ ఆసుపత్రి,
శుక్రవారం.

నా జ్యోతికి,

నిజమే. టీబీ. నిన్ను ఆ గదిలో పెట్టిన మర్నాడు పొద్దున్న మొహం కడుక్కుంటుంటే దగ్గుతో పాటు రక్తం పడింది. అదే రోజు ఇక్కడ చేర్చారు. ఓడల బొగ్గు మసికి వచ్చే దగ్గే అనుకున్నాను. వీధంతా అదే అనుకుంటుంది, నేనూ అదే అనుకున్నాను. లోకంలో గదులన్నిటికీ గాలి సరిచూసేవాణ్ణి, మన పడకగదిలో కిటికీ మూసుకుని నీ పక్కన పడుకుని దగ్గాను. నిన్ను నువ్వు తిట్టుకోనివ్వను. నన్ను ఎంతైనా తిట్టు.

మీ డాక్టరు గారికి మొదటి రోజే చెప్పాను. నీకు చెప్పవద్దని నేనే బతిమాలాను. అప్పటికే నీకు కణాలు చంపే మందు ఎక్కించడం మొదలుపెట్టేశారు, వెనక్కి తిరిగే దారి లేదు. ధైర్యం కూడా పోతే ఎలా అనుకున్నాను. నీకు అంటలేదేమోనన్న ఆశ ఒకటి ఉండేది.

నిన్న రాత్రి ఆయన ఫోను చేశారు. నీకూ ఉందని తేలింది. ఇప్పుడు నీ గదిని ఎటు తిప్పాలన్నది ప్రశ్న. ఇలాగే ఉంచితే నీ దగ్గు తలుపు సందుల్లోంచి వరండాలోకి పోతుంది. అక్కడ నూకాలు అక్క ఉంటుంది, నర్సులు ఉంటారు, తన తలుపు తెరిచినప్పుడల్లా ఆ ఎదురు గది పిల్లకీ తగులుతుంది. అటు తిప్పితే వరండాలోని బూజంతా నీ మీదికి వస్తుంది. ఒక్క తెల్లకణం లేని ఒంటికి ఆ బూజు చాలు. మధ్య గది ఉన్న ఆసుపత్రి దేనిలోనూ మంచం ఖాళీ లేదు, నిన్ను కదిపే స్థితీ లేదు. "మీ పని ఇదే కదా తిరుమలరావు గారూ, మీరేమంటారు?" అన్నారు.

అలాగే ఉంచండి అన్నాను. గాలి బయటికే పోనివ్వండి అన్నాను. ఆయన ఆ పిల్ల సంగతి మళ్లీ చెప్పారు. విన్నాను. విని కూడా అదే మాట అన్నాను. పదిహేనేళ్లుగా ఎవరిని కాపాడాలి అన్న ప్రశ్నకి బుద్ధిగా జవాబు చెప్పినవాణ్ణి. ఈసారి నాకు ఒక్కటే జవాబు తోచింది. నా పెళ్లాన్ని.

రేపు నిన్నూ అడుగుతారు. తల ఊపు, చాలు. మరేమీ మాట్లాడకు. ఇన్నేళ్లలో నిన్ను ఏమీ అడగలేదు, ఇది అడుగుతున్నాను.

నీ బావ


గాజుగది,
బుధవారం.

ప్రియమైన బావకి,

ఈ చేతిరాత నాది కాదు. నూకాలు అక్క వరండాలో కూర్చుని రాస్తోంది, నేను ఇంటర్‌కమ్‌లో చెబుతున్నాను. నాకు పెన్ను పట్టుకునే ఓపిక లేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమని ఒట్టు వేయించుకున్నాను.

కాగితం లోపలికి వాలింది బావా.

డాక్టరు గారు అడిగారు. నువ్వు చెప్పినట్టు తల ఊపాలనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నాకు చావాలని లేదు. నీతో కలిసి ఆ మసి కిటికీ దగ్గర కూర్చుని టీ తాగాలని ఉంది. కానీ అప్పుడే ఎదురు అద్దంలో ఆ పిల్ల చేతులు ఊపింది. కణాలు పెరిగాయట, వచ్చేవారం ఇంటికి పంపిస్తారట, వేళ్లతో లెక్క చూపిస్తోంది. నేను తల అడ్డంగా ఊపాను. తిప్పేయండి అన్నాను. నీ మాట కాదన్నాను, అది నన్ను తొలిచేస్తోంది. నీ మీద కోపం లేదు. నా కోసం అంత చెడ్డవాడివి కావడానికి సిద్ధపడ్డావు, అది మనసులో దాచుకున్నాను.

స్విచ్చి తిప్పిన సాయంత్రం ఏమైందో తెలుసా? వాసన వచ్చింది. ముందు ఫినాయిలు, తర్వాత ఎవరిదో కాఫీ. మర్నాడు మధ్యాహ్నం ఎండుచేపల పులుసు. ఎవరిదమ్మా కేరేజీ అని అరిచాను. నూకాలు అక్కదే. ఆ బూజు కూడా అదే దారిన వస్తోందని నాకు తెలుసు. అయినా కళ్లు మూసుకుని పీల్చాను. మన మేడ మీద ఉన్నట్టే ఉంది.

నిన్నటి నుంచి ఊపిరి బరువుగా ఉంది. ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనిపించిందట. డాక్టరు గారు నా వంక చూడకుండా కాగితాల వంక చూస్తూ చెప్పారు.

నువ్వు మాత్రలు ఒక్క పూట కూడా మానకు. కాస్త బాగుందని మధ్యలో ఆపేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. ఇంటికి వెళ్లాక ఆ కిటికీ తెరిచి పెట్టు. మసి పడితే పడనీ, తుడుచుకోవచ్చు.

నీ
జ్యోతి

బాబూ, నాను నూకాల్ని. పైదంతా ఆయమ్మ సెప్పినట్టే రాసినాను, నా తప్పులేటైనా ఉంటే సూసుకో. ఇది సెప్పీసి కళ్లు మూసుకుండిపోనాది. పొద్దు కూకింది. ఎదురు గదిలో పిల్ల అద్దం కాడ నిలబడి పెదాలతో ఏటో పాడింది, పాడీసి సూత్తంది. ఇప్పుడు ఈయమ్మ వొంతు. లెగట్నేదు. ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. మందులు ఒగ్గీకు బాబూ.