చెయ్యి కడిగిన ఇల్లు

డిసెంబరు 8, సోమవారం

రేపు రేవుకి ప్రయాణం, సంబంధం విచారించడానికి. సంచీ సర్దాను. రెండు చొక్కాలు, లుంగీ, కంట్లో వేసుకునే చుక్కలు.

మా అబ్బాయి మాబు అంటాడు, నువ్వే వెళ్లు నాయనా, నువ్వయితే ఎవరికీ అనుమానం రాదు అని. నోరు లేనివాణ్ని అని దానర్థం. నిజమే.

కూతురు కాశింబీ అన్నం పెడుతూ ఒక్క మాట అంది. "నువ్వు చూసి వద్దంటే వద్దు నాయనా. అన్నయ్య మాట కాదు. నీ మాట." నలభై ఏళ్ల మనిషి. మొగుడు నాగూర్ పోయి ఆరేళ్లు. అంత బరువు నా నెత్తిన పెట్టి గిన్నెలు కడుక్కోవడానికి పోయింది.

దాన్ని చేసుకుంటానన్నవాడి పేరు జిలానీ. వేసవిలో మా బడి గోడల మీద పిట్టల బొమ్మలు వేసి వెళ్లాడు. కాశింబీ ఆ బడిలోనే ఆయా. నేనప్పుడు కంటి ఆపరేషను చేయించుకుని గదిలో పడి ఉన్నాను. మనిషిని చూడలేదు. బొమ్మలు చూశాను. మా దూదేకులవాళ్లేనట. ఉంటే? మావాళ్లలో మాత్రం అందరూ మంచివాళ్లా?

బొమ్మలు వేసుకుంటూ ఊళ్లు తిరిగేవాడికి ఇన్నాళ్లూ పెళ్లాం ఎందుకు లేదు?


డిసెంబరు 9, మంగళవారం

పేటలో బస్సు మారాను. పర్చూరు దాటాక పత్తిచేలు పలచబడ్డాయి. ఆ తర్వాత ఇసుక, సరుగుడు తోటలు, చేపల వాసన.

ఈ ఊరి గోడల నిండా బొమ్మలే. కొంగలు, పీతలు... ఒకచోట ఆడమనిషి మొహం, జుట్టు నిండా చేపలు. పట్నంవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఒక మూల పెచ్చు ఊడింది. అది ఎవరూ చూడరు.

లాడ్జిలో దిగాను. దిండు నొక్కి చూశాను — స్పాంజి ముక్కలు. పైన మాత్రం పూల గలీబు.

లాడ్జి అతను అడిగాడు, ఒక్కరే వచ్చారేం పెద్దాయనా, ఏం చూద్దామని? పిట్టలు, అనేశాను.

ఇక పిట్టలు చూడక తప్పదు.


డిసెంబరు 10, బుధవారం

సంబంధం విచారించడానికి వెళ్లినవాడు పేరు చెప్పడు, ఊరు చెప్పడు. టీ కొట్టు, మంగలి షాపు, మసీదు. అక్కడ నలుగురూ అనేది వింటాడు. పెళ్లికొడుకు ఇంట్లో మాత్రం మంచినీళ్లు కూడా ముట్టడు. అన్నం తిని చెయ్యి కడిగాడంటే సంబంధం ఒప్పుకున్నట్టే. మావాళ్లలో నిఖా దాకా ఆగక్కర్లేదు, అక్కడే మాట అయిపోతుంది.

గడ్డం గీయించుకున్నాను. అడగాలి అడగాలి అనుకుంటుండగానే ఒక చెంప అయిపోయింది. మంగలే అన్నాడు, పిట్టల కోసం వచ్చారటగా, జిలానీ దగ్గరికి వెళ్లండి సాయిబుగారూ అని. పొద్దున్నే పాయ దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తాడట.

"మంచివాడేనా?"

"పిట్టల్ని బాగా చూపిస్తాడండి."

నేనడిగింది అది కాదు. ఇంట్లోవాళ్లూ వస్తారా అని తిప్పి అడిగాను. పెళ్లాం వెళ్లిపోయిందిలెండి, అని నా గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పాడు. రెండో చెంప కోసమా, మాట తప్పించడానికా?

బస్టాండు పక్కన జరీనా అనే ఆమె ఇడ్లీ బండి. నలుగురూ తింటున్నారు, నేనూ తిన్నాను. ఏ ఊరండీ అంది. ప్రత్తిపాడు అవతల అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. పచ్చడి వేస్తున్న గరిటె కొంచెం ఆగినట్టు అనిపించింది. నా అనుమానమేనేమో.


డిసెంబరు 11, గురువారం

చూశాను మనిషిని.

సన్నగా ఉన్నాడు. నలభై అయిదు ఉంటాయి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గోళ్లలో నీలం రంగు. చెవులు పెద్దవి. నాతోపాటు గుంటూరు నుంచి ఒక జంట. తీరం వెంబడి నడిపించి పాయ ఒడ్డున నిలబెట్టాడు. దుర్భిణి నా మెళ్లో వేశాడు. ఆపరేషను చేసిన కన్నుతో చూడండి బాబాయ్, ఇంకా బాగుంటుంది అన్నాడు.

ఆపరేషను సంగతి ఎవరు చెప్పారు? చుక్కలు వేసుకోవడం చూశాడా?

బురదలో నాకు తన కర్ర ఇచ్చాడు. గుంటూరు వాళ్లకి ఏమీ ఇవ్వలేదు. ముసలాణ్నని ఇచ్చాడా, కాశింబీ నాన్ననని ఇచ్చాడా? రెండోదయితే ఆ కర్రకి విలువ లేదు. తను పరీక్షలో ఉన్నానని తెలిసినవాడు ఎవడైనా కర్ర ఇస్తాడు.

గులాబీ కొంగలు చూశాను. గుంపుగా ఒకేసారి తల దించాయి. బాగున్నాయి. అది వేరే సంగతి.


డిసెంబరు 12, శుక్రవారం

జుమ్మాకి వెళ్లాను. అతను ఆలస్యంగా వచ్చాడు. వెనక వరస. మడమల మీద బురద సరిగ్గా పోలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పక్కాయన్ని అడుగుదామనుకునేలోపు ఆయనే నన్ను అడిగాడు, ఎవరి తాలూకా అని. జోళ్లు వేసుకుని వచ్చేశాను.

కాశింబీ ఫోన్ చేసింది. చుక్కలు వేసుకుంటున్నావా అంది. దానికి కావలసింది అడగలేదు. నేనూ చెప్పలేదు.


డిసెంబరు 13, శనివారం

ఇవాళ జరిగింది రాయాలి.

పొద్దున నేనొక్కణ్నే. పాయలో కొంత దూరం లోపలికి తీసుకెళ్లాడు. మోకాలి లోతు బురద. ఇక్కడ నిలబడండి బాబాయ్, కదలకండి, అని ముందుకు పోయి వంగున్నాడు. ఏదో ఉల్లంకి పిట్టట, ఈ వైపుకి ఎప్పుడో గాని రాదట. అంతే. నిలబడ్డాను. పోటు మొదలైంది. నీళ్లు లుంగీ అంచు తడిపి పైకొచ్చాయి. కాళ్లు తిమ్మిరెక్కాయి. అతను వెనక్కి తిరగడే. పిలవడానికి సిగ్గేసింది. చివరికి పిలిచాను. మూడోసారికి విన్నాడు. నన్ను చూశాడు — ఈ ముసలాయన ఎవరు, ఇక్కడెందుకున్నాడు అన్నట్టు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది.

పరిగెత్తుకొచ్చి రెక్క పట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు. తప్పయిపోయింది బాబాయ్, తప్పయిపోయింది అని ఒకటే నసుగుడు. భోజనం చేసి వెళ్దురుగాని, పిట్టల కోసం వచ్చినవాళ్లంతా తినేది అక్కడే, అన్నాడు.

హోటలనుకున్నాను. రేకుల వసారా, బల్ల, బెంచీ. తెనాలి నుంచి వచ్చినవాళ్లు అప్పటికే తింటున్నారు. నన్ను కూర్చోబెట్టి అతను రంగుల పని ఉందని వెళ్లిపోయాడు. నా వయసున్న ఒకావిడ వడ్డించింది. దోసకాయ పప్పు, రొయ్యల వేపుడు. ఆకలి మీద ఉన్నాను. గబగబా తిన్నాను.

పెరుగు కలుపుతుండగా తల ఎత్తాను. గోడకి ఫొటో, దర్గా దగ్గర తీయించుకున్నది. ఈవిడే, వయసులో. పక్కన నిక్కరు వేసుకున్న పిల్లవాడు. ఆ చెవులు...

ఇది జిలానీ ఇల్లు.

"కడుపునిండా తినండి అన్నయ్యగారూ," అంది.

తెనాలి వాళ్లని బాబూ, అమ్మాయ్ అంటోంది. నన్ను అన్నయ్యగారు. వియ్యపురాలు వియ్యంకుణ్ని అలాగే పిలుస్తుంది. వయసు మళ్లినవాళ్లని ఎవరినైనా అలాగే పిలుస్తుంది కూడా. ఏది?

సగం అన్నం వదిలి లేస్తే ఆడమనిషిని అవమానించినట్టు. పూర్తిగా తింటే మాట ఇచ్చినట్టు. తల వంచుకుని తిన్నాను. పెరట్లో చెంబుతో ఆవిడే నీళ్లు పోసింది. వద్దన్నా వినలేదు. నా చేతుల వంక చూస్తూ పోసింది.

పెద్దలెవరూ లేకుండా, తెలియకుండా తిన్నది తినడమేనా? తెనాలి వాళ్లూ తిన్నారుగా. వాళ్లూ డబ్బులిచ్చారు, నేనూ ఇచ్చాను. కానీ నాది తీసుకోలేదు. రేపు తీసుకుంటాలెండి, ఎక్కడికి పోతారు, అంది.

మాబుకి ఫోన్ చెయ్యలేదు.


డిసెంబరు 14, ఆదివారం

సముద్రానికి వెళ్లే దారిలో గోడ మీద బొమ్మ వేస్తున్నాడు. వెనక నిలబడ్డాను. చాలాసేపటికి చూశాడు. కాళ్లు ఎలా ఉన్నాయి బాబాయ్ అన్నాడు. బానే ఉన్నాయన్నాను. మళ్లీ గోడ వైపు తిరిగాడు.

జన్మలో అడగనివాణ్ని, అడిగాను. మళ్లీ పెళ్లి చేసుకోలేదా అని.

కుంచె ఆపలేదు. ఒకామెని అడిగానన్నాడు. వాళ్ల నాన్న సరే అనాలట.

"అంటాడా?"

"నేనైతే అననండి."

ఇది నాకు తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? మొహం చూద్దామంటే అటు తిరిగి ఉన్నాడు. పిట్ట తోకకి నలుపు దిద్దుతున్నాడు.

అక్కణ్నుంచి తిన్నగా జరీనా బండి దగ్గరికి వెళ్లాను. జనం లేరు. టీ ఇచ్చి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. నేను నోరు తెరవకముందే అంది.

"నన్నడగండి. వాణ్ని వదిలేసిన పెళ్లాన్ని నేనే."

టీ ఒలికింది. తనే గుడ్డతో తుడిచింది. మొదటి రోజు ప్రత్తిపాడు అనగానే అర్థమైందట. జిలానీ అడిగిన ఆ ఊరావిడ సంగతి వాళ్ల అత్త, అంటే అతని తల్లి, ముందే చెప్పిందట. ఇంకా అత్తమ్మ అనే అంటోంది. ఈమెకి వేరే పెళ్లయింది, ఆటో తోలే అతను, ఒక పాప. పాప పుడితే పురిటికి సాయం చేసింది ఆ అత్తేనట. ఆడపిల్ల తండ్రి వచ్చాడని అత్తకి చెప్పింది ఈమే. కంటి ఆపరేషను సంగతా? ఇడ్లీ తింటూ చుక్కలు వేసుకున్నారుగా, అందరూ చూశారు, అంది.

అయితే ఆ అన్నం ఆవిడ కావాలనే పెట్టింది. తెలిసే పెట్టింది.

మరి అతనికి? చెప్పలేదట. "అత్తమ్మ వద్దంది. చెప్తే వాడు బిగుసుకుపోయి పాడుచేస్తాడని."

అంటే నిన్న బురదలో అతను నన్ను మర్చిపోయింది నటన కాదు. ఇన్నాళ్లూ ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలనుకున్నాను. తెలిసింది. కర్ర ఇచ్చిందీ నిజమే, మర్చిపోయిందీ నిజమే.

కొట్టేవాడా అన్నాను. లేదంది. తాగుడు? లేదు. మరెందుకు వచ్చేశావమ్మా?

గ్లాసు కడిగి బోర్లించింది. మళ్లీ తీసి మళ్లీ కడిగింది.

"ఇంట్లో ఉండడు బాబాయ్. ఉన్నా ఉండడు. జ్వరమొచ్చి పడుకుంటే పక్కనే కూర్చుని కిటికీలోంచి కాకిని చూసేవాడు. చెడ్డవాడని ఎవరితోనూ అనలేదు నేను. మీతోనూ అనను."


డిసెంబరు 15, సోమవారం

లాడ్జి ఖాళీ చేశాను. భోజనం డబ్బులు ఇద్దామని వాళ్లింటి దాకా వెళ్లి, తలుపు తీసి ఉండటం చూసి, వెనక్కి వచ్చేశాను. మళ్లీ అన్నయ్యగారూ అంటే ఏం చెప్పాలి?

బస్టాండులో కూర్చుని కాశింబీకి ఫోన్ చేశాను. బడిలో ఉంది, పిల్లల గోల వినిపిస్తోంది. వాళ్లింట్లో అన్నం తిన్నాను, తెలియక తిన్నాను అన్నాను. అది లెక్కలోకి రాదులే నాయనా, చూసింది చెప్పు అంది.

చెప్పాను. కర్ర ఇచ్చింది చెప్పాను. బురదలో మర్చిపోయింది చెప్పాను. జరీనా మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకటి దాచలేదు. ఇంత పొడుగు నేనెప్పుడూ మాట్లాడలేదు దాంతో.

నవ్వింది. బురదలో నన్ను తల్చుకుని నవ్విందేమో అనుకున్నాను.

"నాకు తెలుసు నాయనా. గోడ దగ్గరికి టీ తీసుకెళ్లి నిలబడేదాన్ని. చూసేవాడు కాదు. చల్లారిపోతే నేనే తాగేసేదాన్ని."

తెలిసీ చేసుకుంటానంటావా అన్నాను. పిల్లల గోల తగ్గింది. పక్కకి వచ్చినట్టుంది.

"నాగూర్ ఎప్పుడూ నన్నే చూసేవాడు నాయనా. ఎటు వెళ్లాను, ఎవరితో మాట్లాడాను, నీళ్ల దగ్గర ఎందుకు ఆలస్యమైంది. లారీ మీద వెళ్లినా ఫోన్లో చూసేవాడు. పన్నెండేళ్లు."

నాకు తెలియదు. ఎవరికీ చెప్పలేదు ఇది. ఆ సంబంధం మాబు చూసొచ్చాడు. అప్పుడు ఊరంతా బంగారం అన్నారు.

ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాను. అదే అంది, గంట కొట్టారు వెళ్లాలి, నీ మాట సాయంత్రం చెప్పు నాయనా అని.

ఇప్పుడు దీనికి అతను చూడకపోవడమే సుఖంగా ఉంది. నిజమే కావచ్చు. కానీ జ్వరమొచ్చి పడుకున్న రోజున? ఇది కూడా ఏ బండి దగ్గరో నిలబడి గ్లాసు రెండుసార్లు కడుగుతుందా? లేక నాదే అనుమానపు బుద్ధా — నాగూర్ లాగా, ఎప్పుడూ దాన్నే కాపలా కాసే బుద్ధి?

పేట బస్సు వచ్చింది. కండక్టరు రండి పెద్దాయనా అని పిలిచాడు.

ఎక్కలేదు. తర్వాతది ఉంది.