విని కొన్న చీర

వదినా,

మన ఉప్పాడ చీరల వెబ్‌సైటులో ప్రతి ఫొటోకీ ఒక వాక్యం రాయాలి. చూపు లేనివాళ్లకి ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. నీ మేనకోడలు అన్నింటికీ "మంచి చీర, అందమైన చీర, చవక చీర" అని పెట్టింది. "ఎవరు వెతికినా మనమే ముందొస్తామమ్మా" అంది. తీసేశాను.

నీకు చూపు పోయాక నువ్వు నన్ను కసిరేదానివి. "బాగుందని చెప్పకు తల్లీ, ఏముందో చెప్పు. బాగుందో లేదో నేను తేల్చుకుంటాను."

అలాగే రాశాను: "వంకాయ రంగు పట్టు, నాలుగు వేళ్ల జరీ అంచు, ఒళ్లంతా వెండి మామిడి పిందెలు."

పొద్దున ఒకావిడ ఫోన్ చేసింది. "నాకు కనపడదండీ. వెతుకుతుంటే మీ వంకాయ రంగు చీర వినపడింది, పంపండి. అయినా కొంగు ఎలా ఉందో రాయలేదేంటండీ?"

నువ్వు పోయాక నన్నలా నిలదీసినవాళ్లు లేరు. పార్సిల్ పంపి, అన్ని చీరల వాక్యాల్లోనూ కొంగు చేర్చాను.