గొడుగు తర్వాత దువ్వెన

జూన్ 3, మంగళవారం

గ్యాసు సిలిండర్ మార్చాను. వంటింటి డబ్బాలన్నిటికీ కొత్త తారీకులు అంటించాను. ఆయనకి మెదడులో ట్యూమర్ ఉంది.

ఈ మూడూ ఒకే వరసలో రాయడం బాగాలేదు గానీ, జరిగింది ఈ వరసలోనే.

నెలరోజులుగా ఆయనకి మాటలు తడబడుతున్నాయి. అది ఇటివ్వు, ఆ ఇది ఎక్కడ పెట్టావు అంటున్నారు. వయసేమో అనుకున్నాను. ఆయన అలా అనుకోలేదట. ఇవాళ ఓపీ అయ్యాక ఎవరికీ చెప్పకుండా తమ ఆస్పత్రిలోనే స్కాన్ తీయించుకున్నారు. తామే తెర మీద చూసుకున్నారు. ఇన్నేళ్లుగా ఊరందరి తలలూ తెరిచిన న్యూరోసర్జన్‌కి ఇంకొకరు చెప్పేదేముంటుంది?

ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ చెప్పారు, ఎవరో పేషెంటు సంగతి చెప్పినట్టు. ఎడమవైపు, సరిగ్గా మాటలుండే చోట. ఎవరిదోగాని పాపం అనుకున్నానోయ్, పైన నా పేరుంది, అన్నారు. తర్వాత మంచినీళ్లు అడగబోయి, ఆగి, చేత్తో చూపించారు.

జూన్ 4

ఇలాంటి ట్యూమర్‌ని మనిషిని మెలకువగా ఉంచి తీస్తారు. తల మీది చర్మానికి మత్తు ఇస్తారు. మెదడుకి నొప్పి తెలియదట. ఒకరు ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తుంటే పేషెంటు వాటి పేర్లు చెబుతూ ఉంటాడు. సర్జన్ సన్నటి కరెంటు కడ్డీతో మెదడుని ఒక్కోచోట ముట్టుకుంటూ పోతాడు. ఎక్కడ ముట్టుకుంటే నోట మాట ఆగిపోతుందో అక్కడ అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెడతారు. ఆ చోటు కోయకూడదు.

ఈ పద్ధతి వాళ్ల ఆస్పత్రిలో మొదలుపెట్టింది ఆయనే. మొదట్లో ఎక్కడి నుంచో తెప్పించిన బొమ్మల పుస్తకం వాడారు. కూరగాయలమ్మే ఒకావిడ అందులో ఏదో వాయిద్యం బొమ్మ చూసి నోరు మెదపలేదట. మాట పోయిందని అందరూ హడలిపోయారు. అదేమిటో నాకెలా తెలుస్తుందయ్యా, నా మొహానికి ఎప్పుడైనా చూశానా అని ఆవిడ టేబుల్ మీంచే దెబ్బలాడిందట. ఆ సాయంత్రం ఆయన అట్టముక్కలు తెచ్చి నా ముందు పడేశారు. ఏ ఇంట్లోనైనా ఉండేవి గీసిపెట్టు అన్నారు. నేను గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. గొడుగు, దువ్వెన, తాళంచెవి, బకెట్, కత్తెర. అలా ఇల్లంతా తిరిగి కిటికీతో ముగించాను. ఏ బొమ్మ దగ్గర ఆగారో రాసుకోవడానికి వీలుగా వరస ఎప్పుడూ మారకూడదన్నారు. మారలేదు.

జూన్ 7

ఆపరేషన్ ముడులమ్మ చేస్తుంది. ఆ పేరు ఆయన పెట్టిందే. ఆయన దగ్గర రెసిడెంటుగా ఉన్న రోజుల్లో మా ఇంటికి వస్తే కర్టెన్ తాడుకీ, ఫ్రిజ్ హ్యాండిల్‌కీ, కూర్చున్న కుర్చీ చేతికీ దారంతో ముడులు వేస్తూనే కబుర్లు చెప్పేది. కళ్లు చూడకపోయినా వేళ్లకి ముడి రావాలని ఆయన హుకుం. పచ్చి గుడ్డు పెంకుని డ్రిల్లుతో అరగదీయాలి, లోపలి పొర మాత్రం చిరగకూడదు. ఆ తర్ఫీదు కూడా నా వంటింట్లోనే. చిరిగినవన్నీ ఆమ్లెట్లయ్యేవి. నాకు పని వచ్చిందో లేదో గానీ సార్‌కి పొట్ట మాత్రం వచ్చింది మేడమ్ అనేది.

ఇప్పుడు తనే ఆ యూనిట్ నడుపుతోంది. నావల్ల కాదు సార్, ఇంకెవరినైనా అడగండి అంది. నా నాలుక ఇంకెవడి చేతికీ ఇవ్వను, నోరు మూసుకుని చెయ్యి అన్నారు ఆయన.

ఎక్కువ తీస్తే ఎక్కువ రోజులు బతకొచ్చు, మాట పోవచ్చు. తక్కువ తీస్తే మాట ఉంటుంది, రోజులు తగ్గుతాయి. రోజులు నువ్వే ఉంచుకోవమ్మా, మాటలు నాకు వదిలెయ్ అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

ముడులమ్మ వెళ్లాక చూస్తే కుర్చీ చేతికి ఒక ముడి మిగిలిపోయి ఉంది. విప్పలేదు.

జూన్ 10

ఆస్పత్రిలో బొమ్మల పరీక్ష. ఆపరేషన్‌లో వాడబోయే బొమ్మలన్నీ ముందే తడబడకుండా చెప్పగలగాలి. లేకపోతే టేబుల్ మీద ఆగినప్పుడు అది కరెంటు వల్లో జబ్బు వల్లో తేలదు. ఆయన అన్నీ చెప్పేశారు. ఒక్కటీ పోలేదు. ముడులమ్మ ఫోన్ చేసి చిన్నపిల్లలా అరిచింది. చాలా రోజులకి నాకు ఆకలేసింది.

జూన్ 11

పొద్దున దువ్వెన అని అడగలేక, నెత్తి మీద వేళ్లు ఆడించి చూపించారు.

జూన్ 12

నిన్నటిది మింగుడు పడలేదు. ముందురోజు దువ్వెన బొమ్మ చూసి టక్కున చెప్పిన మనిషి. ఇంట్లో అవే బొమ్మల కట్ట ఇంకోటి ఉంటే తీశాను. భోజనాలయ్యాక ఆయన ముందు కూర్చుని ఒక్కోటీ తిప్పాను. గొడుగు, దువ్వెన, తాళంచెవి, బకెట్ అని గడగడా చెప్పుకుపోయారు. తర్వాతది నేను తిప్పకముందే కత్తెర అన్నారు.

కట్టని పేకముక్కల్లా కలిపేశాను. పైకి ఇస్త్రీపెట్టె వచ్చింది. గొడుగు అన్నారు. కుర్చీ వచ్చింది. దువ్వెన అన్నారు. అప్పుడు ఆయనే ఆగిపోయారు. బొమ్మ వంక చూశారు. నా వంక చూశారు.

ఇన్నేళ్ల ఆపరేషన్లలో విని విని నోటికి పట్టేసిన వరస. కంటితో పనే లేదు. పరీక్ష పేపరు లీకైంది, లీకు చేసిందీ నేనే అని నవ్వారు. ఆ తర్వాత, దానికి చెప్పకు అన్నారు. తెలిస్తే టేబుల్ ఎక్కించదు, రేడియేషన్‌కి పంపి దండం పెడుతుంది అన్నారు. ఇంత మాట పూర్తి చెయ్యడానికి ఎన్నిసార్లు ఆగారో.

కొత్తవి గీస్తాను అన్నాను.

జూన్ 14

నిన్నా ఇవాళా గీస్తూనే ఉన్నాను. వంట లేదు, బయటి నుంచి తెప్పించాను. గరిట గీశాను. పేరు రాలేదు. గొళ్లెం గీశాను. రాలేదు. కళ్లజోడు మొహానికే ఉంది, బొమ్మ చూస్తే పేరు రాలేదు. పిల్లి వచ్చింది. చెట్టు వచ్చింది. చేప వచ్చింది. చెప్పగలిగినవి ఒక డబ్బాలో, చెప్పలేనివి ఇంకో డబ్బాలో వేస్తున్నాను. రెండో డబ్బాకి మూత పడడం లేదు.

థియేటర్‌లో ఆయన వాడే మైక్రోస్కోపు ఫొటో చూసి గీశాను. చాలాసేపు చేతిలో పట్టుకున్నారు. అంచులు తడిమారు. నాది, అన్నారు. దాన్ని ఏ డబ్బాలో వెయ్యాలో తెలియలేదు.

జూన్ 15

ముడులమ్మకి చెప్పేశాను. ఆయన వద్దన్నారు, అయినా చెప్పాను. ఆ పిల్ల తప్పుడు బొమ్మల్ని నమ్ముకుని కత్తి పెడితే ఇద్దరూ మునుగుతారు.

నేను చెబుతున్నంతసేపూ తన చేతిలో దారం కదల్లేదు. ఆ వరస నిద్రలో లేపినా నేనూ చెబుతాను మేడమ్, నాకైనా తట్టొద్దా అంది. మొదటి డబ్బా తెరిచింది. ఇవేనా అంది. ఇవే అన్నాను. మానేద్దామా అని అడిగాను. మానేస్తే కొన్నాళ్లకి ఇవి కూడా పోతాయి, చేస్తే ఇవైనా మిగలొచ్చు అంది. గ్యారంటీ అడక్కండి అంది. బొమ్మలు మాత్రం మీరే చూపించాలి, సార్ ఇంకెవరి మొహం చూసీ మాట్లాడేలా లేరు అంది.

జూన్ 18, సాయంత్రం

నాకూ ఆకుపచ్చ బట్టలిచ్చారు. గుడ్డల గుడారం కింద ఆయన మొహం పక్కకి తిరిగి ఉంది. అవతల ఏం జరుగుతోందో నాకు కనపడదు. ముడులమ్మ గొంతే వినపడేది. పిల్లి. చెట్టు. చేప దగ్గర ఆగారు. కాగితం అంది ముడులమ్మ. నర్సు అందించింది. అంటే అక్కడ కోయరు, ఆ మాట భద్రం. భర్త నోట మాట ఆగినందుకు సంతోషించడం ఆ గదిలోనే చూశాను.

అలా చాలాసేపు బాగానే నడిచింది. ఆయన పెదాలు ఎండితే తడిగుడ్డ అద్దాను. కాస్త ఓపిక పట్టండి సార్, నన్ను మంచినీళ్లు కూడా తాగనివ్వకుండా ఎన్నిసార్లు నిలబెట్టారు అంది ముడులమ్మ. ఆయన నవ్వారు. అది నేను చూశాను.

చెట్టు చూపించాను. గొడుగు అన్నారు. పిల్లి చూపించాను. దువ్వెన అన్నారు.

పాత వరస వచ్చేసింది అన్నాను. అవతల చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు కరెంటు పెట్టలేదు, నేను ముట్టుకోనే లేదు అంది ముడులమ్మ, ఎవరికో సంజాయిషీ చెప్పుకున్నట్టు. సార్, మేడమ్ చేతిలో ఏముందో చెప్పండి అంది. తాళంచెవి అన్నారు ఆయన.

తను ఇక ముందుకు వెళ్లలేదు. తెలియనప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోమని నేర్పిందీ ఆయనే. ట్యూమర్ సగానికి పైగా లోపలే ఉండిపోయింది.

జూన్ 20

వాపు వల్లట. వాపు తగ్గితే మాటలు రావచ్చట.

జూలై 6

ఇంటికి వచ్చాం. ఆయన అక్క చూడ్డానికి వచ్చింది. ఏరా, అన్నం తిన్నావా అని అడిగింది. తాళంచెవి అన్నారు ఆయన. పాపం ఆవిడ తన బ్యాగు మంచం మీద బోర్లించి, తాళాల గుత్తి వెతికి తమ్ముడి చేతిలో పెట్టింది. బకెట్ అన్నారు. ఆవిడ మోకాళ్ల నొప్పులతోనే లేచి బాత్రూంలోంచి మోసుకొచ్చింది. కొంచెంలో కత్తెర కూడా తెచ్చేది. నేనే చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లాను. వాడేం అడుగుతున్నాడో నాకు అర్థం కావడం లేదమ్మా, నీకు తెలుస్తోందా అంది. ఏమీ అడగడం లేదు వదినా, వరస చెబుతున్నారు అన్నాను. నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

జూలై 19

ఇప్పుడు మా ఇద్దరి మాటలూ అవే. నేను గొడుగు అంటే ఆయన దువ్వెన అంటారు. కోపం వస్తే బకెట్ అని అరుస్తారు. తల తుడుస్తుంటే మెల్లగా తాళంచెవి అంటారు. ఎక్కడైనా ఆగితే నేను అందిస్తాను. కిటికీ దాకా వెళ్లి మళ్లీ గుమ్మం దగ్గరికి వస్తాం. గీసేటప్పుడు ఇల్లంతా ఒక్కదాన్నే తిరిగాను. ఇప్పుడు ఇద్దరం తిరుగుతున్నాం.

ఆగస్టు 2

కొత్త స్కాన్ పట్టుకుని ముడులమ్మ వచ్చింది. లోపల వదిలేసిన ట్యూమర్ పెరిగింది. వాపు కాదు మేడమ్, ఇక మాటలు రావు అంది. రోజులు కూడా అంది, పూర్తి చెయ్యలేదు. ఆయన పక్కన కూర్చుని అలవాటుగా దారం తీసింది. ఆయన అందుకున్నారు. కుర్చీ చేతికి ముడి వేశారు, ఒక్క చేత్తో, చూడకుండా. ముడులమ్మ లాగి చూసింది. జారలేదు. బాగా వచ్చింది సార్ అంది. ఆయన నోరు తెరిచి చాలాసేపు అవస్థపడ్డారు. కత్తెర, అన్నారు.

ముడులమ్మ మొహం వెలిగిపోయింది. గబగబా బ్యాగులోంచి కత్తెర తీసి మిగిలిన దారం కోసింది. అడిగారు మేడమ్, సార్ అడిగారు అంది.

తను వచ్చేముందు మేము బకెట్ దగ్గర ఆగామని చెప్పలేదు.

ఆగస్టు 23

తాళంచెవి దాటడం లేదు.

సెప్టెంబర్ 4

గొడుగు అన్నాను. ఆగి చూశాను.

దువ్వెన కూడా నేనే అన్నాను.